చుక్కలు కొట్టరాదు

తొంభైల చివర్లో, బెంగాల్లోని రైల్వే ఊరైన ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళ పెళ్ళిళ్ళలో సగం ఒక రిటైరైన గూడ్సు గార్డు చేతిమీదుగా జరిగేవి. ఆయన్ని అందరూ గార్డుగారనే పిలిచేవారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ పచ్చజెండా, ఎర్రజెండా ఊపాడు. రిటైరయ్యాక చెయ్యి ఊరుకోలేదు, పెళ్ళిళ్ళకి ఊపడం మొదలుపెట్టాడు. ఓల్డ్ సెటిల్‌మెంట్ పేట చివర సొంత ఇల్లు. ముందు గదిలో సంబంధాల కాగితాలతో నిండిన రెండు ఇనప బీరువాలు. ఒకటి చర్చికెళ్ళే ఇళ్ళది, రెండోది గుడికెళ్ళే ఇళ్ళది. ఆయన మాత్రం రెండు చోట్లకీ వెళ్ళేవాడు, రెండు చోట్లా ముందువరసలో కూర్చునేవాడు.

మేము చర్చి బీరువాలో ఉండేవాళ్ళం. అంటే నేనుండేదాన్ని. నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. నాకు పాతికేళ్ళు దాటాక అమ్మ నా ఫోటో, వివరాలు పట్టుకెళ్ళి గార్డుగారికి అప్పగించి వచ్చింది. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద ఆయన్ని పట్టుకుని అడిగేది.

"ఏటన్నయ్యా, మా గుంటకి ఏటైనా సూసినావా?"

"సూస్తన్నానమ్మా. మంచి బండి రావాలి గదా!"

మంచి బండ్లు వస్తూనే ఉండేవి. మా పక్క క్వార్టరు అమ్మాయి ఎక్కి వెళ్ళిపోయింది, నాతో చదివినవాళ్ళు వెళ్ళిపోయారు, నాకన్నా చిన్నవాళ్ళు వెళ్ళిపోయారు. నా దగ్గర మాత్రం ఏదీ ఆగలేదు. చర్చివాళ్ళం, తిట్టడానికి జాతకం లేదు కాబట్టి అమ్మ నా నోటిని తిట్టేది. నాన్న రేడియో గొంతు పెంచేవాడు.

ఇంతలో గార్డుగారికి ఇంటర్నెట్టు పూనింది. ఆయన అల్లుడు విశాఖపట్నంలో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ నడిపేవాడు. ఎం.సి.ఏ. చదివాడు. ఆ మూడక్షరాలూ గార్డుగారు దణ్ణం పెట్టినట్టు పలికేవాడు. ఆ అల్లుడు మామగారి రెండు బీరువాలనీ కలిపి ఒక వెబ్‌సైటు చేసిపెట్టాడు. తెరవగానే గులాబీలు మిణుకుమిణుకుమనేవి. ఎడంపక్క గోపురం, కుడిపక్క శిలువ, మధ్యలో గార్డుగారు కోటు వేసుకున్న ఫోటో. సన్నాయి మోగేది, ఎలా ఆపాలో ఎక్కడా రాసి ఉండేది కాదు. సభ్యులకి గార్డుగారు చిన్న చీటీ మీద పేరు, పాస్‌వర్డు రాసి ఇచ్చేవాడు. అవి కొట్టి లోపలికెళితే అమ్మాయిల జాబితా, అబ్బాయిల జాబితా. ఒక నంబరు మీద నొక్కితే ఆ మనిషి బయోడేటా వస్తుంది.

నేనప్పుడు ప్రేమ్ బజార్లో ఒక ఇంటర్నెట్ కొట్టులో పనిచేసేదాన్ని. ఓనరు బెంగాలీ ఆయన, మాకందరికీ దాదా. నాలుగు కంప్యూటర్లు, ఒక ప్రింటరు. పక్కనున్న ఇంజనీరింగ్ క్యాంపస్ కుర్రాళ్ళు వచ్చి ప్రాజెక్టు రిపోర్టులు టైపు చేయించుకునేవారు, సైకిళ్ళు అడ్డంగా పెట్టి వెళ్ళేవారు. నేను కంప్యూటర్ డిప్లొమా చేశాను. మెయిలు బండి ముందు తోపుడు ట్రాలీ ఎంతో, ఎం.సి.ఏ. ముందు డిప్లొమా అంత.

అమ్మ పోరు పడలేక ఒకరోజు మధ్యాహ్నం కొట్టులో ఖాళీగా ఉన్నప్పుడు నా బయోడేటా తెరిచాను. చామనచాయ, సౌమ్యురాలు, దైవభక్తి కలది, వంట వచ్చును. చామనచాయ ఒక్కటే నిజం. పక్క నంబరు చూశాను. చామనచాయ, సౌమ్యురాలు, దైవభక్తి. ఆ పక్కది కూడా అంతే. ఊరంతా ఒకే అమ్మాయి ఉన్నట్టుంది.

అప్పుడు పైన అడ్రసు గీత మీద కన్నుపడింది. సైటు పేరు తర్వాత, 'ఫైలు' అన్న మాట, సమానం గుర్తు, ఆపైన అమ్మాయిల ఫోల్డరు పేరు, నా నంబరు. అంతా బట్టబయలుగా ఉంది. ఆ ప్రోగ్రాముకి తెలిసిందల్లా ఒకటే: అక్కడ ఏ ఫైలు పేరు రాస్తే ఆ ఫైలు తెచ్చి చూపించడం.

కంప్యూటరు క్లాసులో మొదటివారం నేర్పేది ఏమిటంటే, రెండు చుక్కలంటే 'ఈ గదిలోంచి బయటికి, ఒక మెట్టు పైకి' అని. రెండు చుక్కలు కొట్టి పక్కన వాలుగీత గీస్తే ఉన్న ఫోల్డర్లోంచి పై ఫోల్డర్లోకి వెళతాం. గార్డుగారింట్లో బీరువా దగ్గర ఒక మనిషి నిలబడ్డాడనుకోండి. 'చర్చి బీరువాలో మూడో కాగితం తే' అంటే తెచ్చి ఇస్తాడు. 'బీరువా వదిలెయ్, వెనక్కి తిరుగు, లోపలి గదిలోకెళ్ళు, దిండు కింద ఉన్నది తే' అన్నా అదే మర్యాదతో వెళ్ళి తెచ్చి ఇస్తే? అల్లుడుగారు పెట్టిన ప్రోగ్రాము సరిగ్గా అలాంటి మనిషి.

నేను రెండు చుక్కలు, గీత కొట్టి, ఆ ప్రోగ్రాము పేరే రాశాను. అది తన కడుపు తానే కోసుకుని తెరమీద పరిచింది. అల్లుడుగారు రాసిన వరసలన్నీ ఉన్నాయి. అందులో ఒకచోట, గార్డుగారు తన పాస్‌వర్డుతో వస్తే బయోడేటాతో పాటు 'రిమార్క్స్' అనే ఫోల్డర్లోంచి కూడా అదే నంబరు చూపించమని ఉంది. ఇక నాకు చేతులు ఆగుతాయా? రెండు చుక్కలు, గీత, రిమార్క్స్, అమ్మాయిలు, నా నంబరు.

ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. గార్డుగారి సొంత గొంతు.

"పిల్ల మంచిదే. నోరు ముందు, బండి ఎనక. ఎదురు ప్రశ్నలు. తల్లి అవుటర్లో ఆపుతాది. లూప్ లైన్లో ఎట్టినాను."

రైల్వే ఊళ్ళో పుట్టినవాళ్ళకి అర్థం చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళకి చెబుతాను. లూప్ లైనంటే స్టేషన్లో పక్కకున్న పట్టాలు. ముఖ్యమైన బండ్లకి దారివ్వడానికి, అంత ముఖ్యం కాని బండిని అక్కడ నిలబెడతారు. అవుటరంటే ఊరి బయటి సిగ్నలు. అక్కడ ఎందుకు ఆపారో ఎవరూ చెప్పరు. అమ్మ సంబంధం దాకా వచ్చినవాళ్ళని ఏదో ఒక వంకతో అలా ఆపేదన్నది నిజమే. కానీ ఏడాదిగా ఆదివారం ఆదివారం మెట్ల మీద 'సూస్తన్నానమ్మా' అన్న మనిషి నన్ను పక్కపట్టాల మీద పెట్టి తాళం వేసుకున్నాడని చదివితే చెవుల దాకా వేడెక్కింది. ఆ సన్నాయి మోగుతూనే ఉంది.

మర్నాడు పొద్దున్నే గార్డుగారింటికి వెళ్ళాను. వరండాలో బనీనుతో కూర్చుని టీ తాగుతున్నాడు.

"ఏటమ్మీ, ఇలగొచ్చినావు?"

"మావయ్యా, మీ సైటుకి కన్నం ఉంది."

"కన్నవేటి?"

"రెండు సుక్కలు కొడితే మీరు లోపల రాసుకున్న రిమార్కులన్నీ అందరికీ కనిపిస్తన్నాయి."

"సుక్కలెవలు కొడతారే? పనీపాటా లేనోలా?"

"నేను కొట్టినాను."

"అదే సెప్తన్నాను."

"నాది సదివినాను మావయ్యా. లూప్ లైనంట."

ఆయన సిగ్గుపడతాడనుకున్నాను. గ్లాసు కింద పెట్టి మూతి తుడుచుకున్నాడు.

"రాసినాను. తప్పేటి? లూపులో ఉన్న బండి రద్దయినట్టేటి? మెయిళ్ళు ఎల్లిపోనాక నీకూ పచ్చజెండానే."

"ఎన్ని మెయిళ్ళు ఎల్లాలి మావయ్యా?"

"ఇదిగో, ఇదే. ఎదురు ప్రశ్నలు."

నేను నా సంగతి వదిలేసి, లోపలికి ఎలా వెళ్ళొచ్చో మెట్టు మెట్టుగా చెప్పాను. అల్లుడుగారితో చెప్పి బాగుచేయించండి, లేకపోతే ఎవరో ఒకరు చూస్తారు, గొడవలవుతాయి అన్నాను. అల్లుడుగారి మాటెత్తగానే ఆయన ముఖం మూసుకుపోయింది.

"ఆయన ఎం.సి.ఏ. సదివినారు. ఆయనకి నువ్వూ నేనూ సెప్తామేటి? అల్లుడుగారికి తప్పు సూపించిన మావని నువ్వెక్కడైనా సూసినావా?" గ్లాసు మళ్ళీ అందుకున్నాడు. "బోర్డెట్టీద్దాం."

"బోర్డేటి?"

"పట్టాలు దాటరాదని ఊరంతా బోర్డులెట్నేదా? అలగ."

"ఆ బోర్డు కిందినుంచే గదా మావయ్యా, అందరూ దాటుతన్నారు."

"దాటనీ. బోర్డున్నాక మన పూచీ నేదు."

నేను నవ్వుకుంటూ వచ్చేశాను. నిజంగా పెడతాడనుకోలేదు. ఆ వారంలోనే గులాబీల కింద, ప్రకటనలకని అల్లుడుగారు మామగారికి వదిలిన చోట, ఎర్రటి అక్షరాలు వెలిగి ఆరడం మొదలైంది. ఇంగ్లీషులో ఉంది, అర్థం మాత్రం ఇది: "సభ్యులకు విజ్ఞప్తి. పై అడ్రసులో రెండు చుక్కలు, ఆ పక్కన గీత కొట్టి, రిమార్క్స్ అని, అమ్మాయిలు లేక అబ్బాయిలు అని రాసి, నంబరు వేసి లోపలికి వెళ్ళరాదు. అది ఆఫీసు వాడకానికి మాత్రమే. ఇట్లు, యాజమాన్యం."

క్లాసులో మాకు కూడా ఇంత విడమరిచి ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాత దాదా కొట్టుకి పట్టిన కళ అంతా ఇంతా కాదు. అప్పటిదాకా మా తెలుగిళ్ళలో ఆడవాళ్ళు కంప్యూటరంటే గుడ్డ కప్పి ఉంచే వస్తువు అనుకునేవారు. ఇప్పుడు గోల్‌బజార్‌కి కూరలకని బయల్దేరి, రిక్షాలు ప్రేమ్ బజార్ వైపు తిప్పించుకుని, సంచీలతో, గొడుగులతో వచ్చి బల్లల మీద వరసగా కూర్చునేవారు. క్యాంపస్ కుర్రాళ్ళు రిపోర్టులు పట్టుకుని గుమ్మం బయట నిలబడేవారు.

"ఆజ్ కీ పూజో, దీదీ?" అని దాదా నన్ను అడిగాడు, ఈవేళ ఏం పండగ అని.

నేనేం చెప్పను? ఒకామె అప్పటికే నా చెయ్యి పట్టుకుని లాగుతోంది.

"అమ్మీ, ఈ సుక్కలు ఎక్కడుంటాయే?"

ఆమె వర్క్‌షాపు ఫోర్‌మన్‌గారి భార్య. మా అమ్మకి చర్చిలో ఎదురు వరస, అన్ని విషయాల్లోనూ ఎదురే. నేను చుక్కలున్న మీట చూపించాను. అంతకు మించి చెప్పనక్కర్లేకపోయింది, మిగతాదంతా ఎర్ర అక్షరాల్లో ఉంది. ఆమె ఒక వేలితో, బియ్యంలో రాయి ఏరినట్టు, ఒక్కో అక్షరం ఏరి కొట్టింది. ముందు కొడుకు నంబరు వేసింది. నన్ను చదివి పెట్టమంది. చదివాను.

"పిల్లవాడు గూడ్సు. ఎక్కడ ఆపితే అక్కడే ఉంటాడు. తల్లి డ్రైవరు."

పక్కనున్నవాళ్ళు ఒక అడుగు వెనక్కి జరిగారు. ఆమె ఒక నిమిషం తెరవైపు చూసి, "నిజవే రాసినాడు గదా ముసలోడు," అంది. తర్వాత కుర్చీ ముందుకి లాక్కుంది. "సరే, మా యెదురింటోలది తియ్యి."

నేను చూసినంతలో వచ్చినవాళ్ళందరూ అంతే. తమది ఒకసారి చదివి ఉడుక్కునేవారు. పక్కవాళ్ళది మళ్ళీ మళ్ళీ చదివి చల్లబడేవారు. ఒక తండ్రి గురించి 'షంటింగు మనిషి, ముందుకీ ఎనక్కీ తప్ప ఎటూ పోడు' అని ఉంది. ఆ పేరు ఆయనకి వర్క్‌షాపులో నిలిచిపోయింది. ఒకమ్మాయి గురించి 'రైట్ టైం, కానీ లగేజీ ఎక్కువ' అని ఉంటే, లగేజీ అంటే ఆమె ముగ్గురు తమ్ముళ్ళా, ఆమె ఒళ్ళా అని చర్చి మెట్ల మీద రెండు పార్టీలు వాదించుకున్నాయి. పాస్టరమ్మగారు ఇలాంటివి చదవడం పాపమని ఆడవాళ్ళ కూటంలో చెప్పారు. ఆవిడ ఉదాహరణలు చెబుతుంటే, ఆవిడ అన్నీ చదివారని మాకర్థమైంది.

గార్డుగారి ఇంటి ముందు కొన్నాళ్ళు అరుపులు వినిపించాయి. ఆయన అందరికీ ఒకే జవాబు చెప్పేవాడు: "బోర్డు ఎట్టినాను. సూసి కూడా దాటినారు. తప్పెవలిది?" జనం నోరు మూతపడేది. బోర్డు చూశామని ఒప్పుకుంటే చుక్కలు కొట్టామని ఒప్పుకున్నట్టే మరి.

గొడవ ముదిరాక అల్లుడుగారికి ఫోను వెళ్ళింది. తప్పు పట్టుకున్నట్టు కాకుండా, ఆయన గొప్ప పనికి ఎవరో దిష్టి పెట్టినట్టు చెప్పాడట మామగారు. అల్లుడుగారు ఏదో చేసి, ఇక రెండు చుక్కలు పనిచేయవన్నాడు. నేను కొట్టులో పరీక్షించాను. నిజమే, పనిచేయలేదు. ఎందుకు పనిచేయలేదో ఆలోచించాను. ఎవరైనా రెండు చుక్కలు, గీత కొడితే ఆయన ప్రోగ్రాము వాటిని చెరిపేస్తోంది. అది కూడా ఒక్కసారి చెరిపి చేతులు దులుపుకుంటోంది. అయితే నాలుగు చుక్కలు, రెండు గీతలు కొడితే? మధ్యలోవి చెరిగిపోతాయి. అటు మిగిలినవి, ఇటు మిగిలినది దగ్గరికి జరుగుతాయి. మళ్ళీ రెండు చుక్కలు, గీత. కొట్టి చూశాను. రిమార్కులు హాయిగా తెరుచుకున్నాయి.

మళ్ళీ గార్డుగారింటికి వెళ్ళాను. ఈసారి ఆయన విసుక్కుని, విశాఖపట్నానికి ఫోను కలిపి రిసీవరు నా చేతిలో పెట్టాడు.

"నువ్వే మాటాడు. మర్యాదగా మాటాడు."

మర్యాదగానే చెప్పాను.

"మీరేం చదివారండీ?" అన్నాడు అల్లుడుగారు.

"డిప్లొమా అండి."

"నేను చుక్కలు తీసేశానండీ. తీసేసిన తర్వాత చుక్కలు ఎలా ఉంటాయి?"

"మీరు తీసేసినాకే అవుతన్నాయండి. ఒకసారి కొట్టి సూడండి."

"నేను కొట్టి చూడక్కర్లేదు. నేనే రాశాను."

ఫోను పెట్టేశాడు. గార్డుగారు నా ముఖం చూసి విషయం గ్రహించాడు. ఒక్క క్షణం ఆయనకి నా మీద నమ్మకం కలిగిందనే అనుకున్నాను. అయితే అల్లుడు అల్లుడే. సాయంత్రానికి ఎర్ర అక్షరాల కింద ఇంకో వరస చేరింది: "నాలుగు చుక్కలు, రెండు గీతలు కూడా కొట్టరాదు."

ఆ తర్వాత జరిగినదాన్ని మాత్రం నేను ఊహించలేదు. జనం బయోడేటాలు చదవడం మానేశారు. అందరూ సౌమ్యులే, అందరికీ దైవభక్తే అయిన చోట చదవడానికేముంది? మనుషులున్నది రిమార్కుల్లోనే. సంబంధం మాట రాగానే 'బయోడేటా ఏటి?' అని కాదు, 'లోపలేటి రాసినాడు?' అని అడగడం మొదలైంది. చక్రధర్‌పూర్, బండాముండా లాంటి ఇతర రైల్వే ఊళ్ళ నుంచి కూడా సభ్యులు చేరారు. వాళ్ళకి మొదటి పాఠం చుక్కలే. గార్డుగారింటికి జిలేబీ పొట్లాలు, రసగుల్లా కుండలు వెళ్ళసాగాయి. 'మావోడికి కాస్త రైట్ టైం అని రాయండి' అని బతిమాలుకునేవారు. ఆయన రాసేవాడు. సైటుకి కన్నం ఉందంటే విసుక్కున్న మనిషే, ఆ కన్నంలో కూర్చుని దర్బారు చేశాడు.

మా అమ్మ కూడా బెల్లం గవ్వలు చేసి పట్టుకెళ్ళింది. మార్చానని ఆయన చెప్పాడు. నేను చూశాను. మార్చాడు, నిజమే. "పిల్ల మంచిదే. నోరు ముందు. ఎదురు ప్రశ్నలు. రిమార్కులు సదువుతాది."

అలాంటి రోజుల్లో నాకొక సంబంధం వచ్చింది. ఫోర్‌మన్‌గారి కొడుకు. గూడ్సు. ఆ తల్లికి నా మీద కన్ను ఎందుకు పడిందో తెలియదు. బహుశా చుక్కలు చూపించిన చెయ్యి నచ్చి ఉంటుంది. ఒక ఆదివారం మధ్యాహ్నం తల్లీ కొడుకూ మా క్వార్టరుకి వచ్చారు. అమ్మ బూందీ, చేగోడీలు పెట్టింది. ఇద్దరు తల్లులూ ఒకరినొకరు 'ఒదినా' అనుకుంటూ, కత్తులు దూసినట్టు నవ్వుకున్నారు. నాన్న రేడియో కట్టేశాడు, అదొక వింత. కాసేపటికి మమ్మల్ని వరండాలో కూర్చోమన్నారు.

అతను పొడుగ్గా, నిదానంగా ఉన్నాడు. లోకో షెడ్డులో పని. చాలాసేపు చెప్పుల వంక చూసి అన్నాడు:

"మీది సదివినాను."

"నేనూ మీది సదివినాను."

"గూడ్సంట." కొంచెం నవ్వాడు. "గూడ్సంటే తక్కువేటీ కాదండి. బరువంతా మోసీది అదే."

ఆ మాట నాకు నచ్చింది. సౌమ్యుడు, దైవభక్తి అన్న కాగితంలో ఈ మాట ఎక్కడుంది? ఎక్కడా లేదు. మేం కాసేపు గార్డుగారి రిమార్కుల మీద నవ్వుకున్నాం. అంతకుముందు ఎవరితోనూ అలా నవ్వలేదు. తర్వాత అతనే అన్నాడు:

"మీరు ఎదురు ప్రశ్నలేస్తారంట గదా. ఒకటెయ్యండి, సూద్దాం."

"రేపు మీ యమ్మ వద్దంటే ఏటి సేస్తారు?"

అతను నిజంగానే ఆలోచించాడు. అబద్ధం చెప్పే మనిషి కాదు. జవాబు వచ్చేలోపు లోపలినుంచి తల్లి పిలిచింది. అతను లేచి వెళ్ళాడు.

కబురు గార్డుగారి ద్వారా వచ్చింది. పిల్ల నచ్చిందట. కానీ 'తల్లి అవుటర్లో ఆపుతాది' అన్న పాత రిమార్కు ఆ మహాతల్లి మర్చిపోలేదట. అలాంటి వియ్యపురాలితో వేగలేనందట. అమ్మ రెండు రోజులు పాత్రలతో చప్పుడు చేసింది. నాకు అమ్మ మీద కోపం రాలేదు. అతని మీద వచ్చింది. చాలాకాలం తర్వాత కూడా, ఆ బరువు మాట గుర్తొచ్చినప్పుడు, నచ్చినందుకు నామీద నాకే వచ్చేది. అతను పిలిచిన చోట ఆగాడు, వదిలిన చోట కదిలాడు. గార్డుగారు మనుషుల్ని చదవలేదని ఎవరూ అనలేరు.

చివరికి అల్లుడుగారు స్వయంగా ఖరగ్‌పూర్ వచ్చాడు. అత్తవారింట్లో ఎవరిదో బారసాల. నాలుగు చుక్కల పుకారు ఆయన చెవిలో ఇంకా గింగురుమంటోంది కాబోలు, భార్యనీ మామగారినీ వెంటబెట్టుకుని దాదా కొట్టుకి వచ్చాడు. ఇన్‌షర్టు, చేతిలో సెల్‌ఫోను. ఆ సెల్‌ఫోను మా ఊళ్ళో పలకదు, అయినా చేతిలోనే ఉంది. నాతో మాట్లాడకుండా గదికంతటికీ చెప్పినట్టు చెప్పాడు:

"ఇక్కడ ఎవరో నాలుగు చుక్కలు పనిచేస్తాయంటున్నారట. చూద్దాం."

బల్ల మీదున్న ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు సంచీలు కింద పెట్టారు. ఆయన కూర్చున్నాడు. సన్నాయి మొదలైంది. ఎర్ర అక్షరాలు చూసి కొంచెం కంగారుపడ్డాడు. ఆ బోర్డు సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదనుకుంటాను. నాలుగు చుక్కలు, రెండు గీతలు కొట్టాడు. రిమార్క్స్ అని రాశాడు.

"ఏ నంబరు?" అన్నాడు.

"మీ ఇష్టమండి," అన్నాను.

అబ్బాయిల్లో ఒకటి అని వేసి నొక్కాడు. సైటు పెట్టినప్పుడు మామగారి చేతిమీదుగా జరిగిన మొదటి పెళ్ళిని గౌరవంగా ఒకటో నంబరుగా పెట్టారు. అది ఆయనదే. బయోడేటా తానే ఎక్కించుకున్నాడు. రిమార్కులు మాత్రం మామగారు విడిగా, తన చేత్తో, ఎవరి సాయం లేకుండా, ఒకటో నంబరు నుంచీ వరసగా ఎక్కించుకున్నాడు. గార్డు చేసిన పనిలో ఒక పెట్టె కూడా తప్పిపోదు.

తెరమీదికి వచ్చింది. భార్య ఆయన భుజం మీదుగా వంగి పైకే చదివింది.

"పిల్లడు కంప్యూటరంటాడు. ఏటని అడిగితే నాకు అర్థం కానట్టు సెప్తాడు. ఆడికీ అర్థం అయినట్టు నేదు. మా గుంట మొండి. ఏరే బండి నేదు. జెండా ఊపీసినాను."

సన్నాయి మోగుతూనే ఉంది. అల్లుడుగారు తెరని చూస్తూనే ఉన్నాడు. నాలుగు చుక్కలు పనిచేశాయన్నది ఎక్కువ బాధో, అవి చూపించినది ఎక్కువ బాధో ఆయన ముఖంలో తేలలేదు. ముందు నోరు తెరిచింది భార్య.

"నాన్నా, నేను మొండిదాన్నా?"

"అది పాత రిమార్కమ్మా," అన్నాడు గార్డుగారు. "అల్లుడుగారూ, అది పెళ్ళికి ముందుది. ఇప్పుడైతే రైట్ టైమనే రాస్తును."

అల్లుడుగారు సెల్‌ఫోను బల్ల మీద పెట్టాడు. ఆ కుర్చీలోంచి లేవకుండానే, అదే కంప్యూటరు మీద, సైటులోకి తన దారిన వెళ్ళి ఒక్కో ఫోల్డరూ చెరిపేశాడు. గులాబీలు పోయాయి. గోపురం, శిలువ, కోటు ఫోటో పోయాయి. అమ్మాయిలు, అబ్బాయిలు, రిమార్కులు, ఎర్ర బోర్డు పోయాయి. సన్నాయి మధ్యలో తెగిపోయింది. ఆయన లేచి దాదాకి నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. బారసాల భోజనానికి ఉండలేదని తర్వాత తెలిసింది. భార్య మాత్రం ఉంది, తండ్రితో మాట్లాడకుండా రెండుసార్లు వడ్డించుకు తిందట.

బల్ల మీది ఆడవాళ్ళలో ఒకామె నా దగ్గరికి వచ్చి మెల్లిగా అడిగింది. "ఆరు సుక్కలు కొడితే వస్తాదేటే?"

సైటు పోయినా ఊరికేం లోటు రాలేదు. గార్డుగారు మళ్ళీ బీరువాల దగ్గరికి వెళ్ళాడు. రిమార్కులు ఇప్పుడు తలలో ఉంచుకునేవాడు. టీ ఇచ్చి పక్కన కూర్చున్నవాళ్ళకి ఒక్కొక్కరికీ విడిగా, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుని చెప్పేవాడు. ఇంటర్నెట్టు కంటే వేగంగా వెళ్ళేవి.

నేను దాదా కొట్టులోనే ఉన్నాను. కొన్ని నెలలకి ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. విశాఖపట్నం నుంచి.

"మీరైతే ఏం చేసేవారండీ?" అన్నాడు అల్లుడుగారు. పలకరింపులేం లేవు.

"దేని గురించండి?"

"దాని గురించే."

చెప్పాను. అవతలివాళ్ళు రాసినదాంట్లోంచి చెడ్డవి ఏరి పారేయకండి, ఎన్నని ఏరతారు, వాళ్ళు ఇంకో రకంగా రాస్తారు. అసలు ఫైలు పేరు వాళ్ళని రాయనివ్వకండి. నంబరు మాత్రం తీసుకోండి. అది నంబరు కాకపోతే బయటికి పంపండి. నంబరైతే ఏ ఫైలు తేవాలో మీ ప్రోగ్రామే చూసుకోవాలి. తెచ్చేముందు అది మీరనుకున్న ఫోల్డర్లోనే ఉందో లేదో చూసుకోవాలి. రహస్యాలు అసలు ఆ ఇంట్లోనే పెట్టకండి.

రాసుకుంటున్నట్టు కలం చప్పుడు వినిపించింది.

"అంతేనా?"

"అంతేనండి."

"ఇది డిప్లొమాలో చెప్పారా?"

"లేదండి. మీ సైటులో నేర్చుకున్నాను."

ఫోను పెట్టేశాడు. థాంక్స్ లేదు. నేను ఎదురుచూడలేదు కూడా.

తర్వాతి వేసవిలో గార్డుగారు చర్చి మెట్ల మీద రంగుల కరపత్రాలు పంచాడు. మామా అల్లుళ్ళు కలిసిపోయారన్నమాట. అల్లుడుగారి ఇన్‌స్టిట్యూట్‌లో కొత్త కోర్సు, 'ఇంటర్నెట్ సెక్యూరిటీ'. నిపుణులచే శిక్షణ. మీ వెబ్‌సైటుకు కన్నం పడకుండా కాపాడుకోండి. కింద కోటులో అల్లుడుగారి ఫోటో. మామగారి కోటే అని నాకు అనుమానం.

అమ్మ ఆ కాగితం ఇంటికి తెచ్చి, నడిచొచ్చిన చెమట తుడుచుకుంటూ నా ముందు పెట్టింది.

"ఇదిగోనే, ఈ కోర్సులో సేరిపో. మంచి పేరుందంట. ఇది సదివినోలకి సంబంధాలు ఎంటనే వస్తన్నాయంట, గార్డన్నయ్య సెప్పినాడు."

నేను కాగితం అటూ ఇటూ తిప్పి చూశాను.

"ఎవలు నేర్పుతారంట?" అన్నాను.

"ఇదిగో, మళ్ళీ ప్రశ్నలు," అంది అమ్మ. కాగితం లాక్కుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.